మంచి బ్యాక్టీరియా క్యాప్సూల్స్ వేసుకుంటే ఇమ్యునోథెరపీ ఇంకా బాగా పనిచేస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పేది) మూడు వారాలకోసారి ఎక్కిస్తున్నారు, మూడు డోసులయ్యాయి. పొట్టలో మంచి బ్యాక్టీరియా ఉంటేనే ఈ మందు పనిచేస్తుందని చదివి ప్రొబయోటిక్ క్యాప్సూల్స్ తెచ్చి వేస్తున్నాం. మొదటి డోసుకు ముందు నిమోనియా వచ్చి యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చింది, దాంతో మందు పనిచేయదేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. ఆరోగ్యవంతుల మలం ఎక్కించే చికిత్స ఏదో ఉందట, చేయించొచ్చా? నాలుగు రోజులుగా ఆయనకు విరేచనాలు కాస్త ఎక్కువగా అవుతున్నాయి, క్యాప్సూల్స్‌తో అవీ సర్దుకుంటాయని చూస్తున్నాం.

జవాబు: చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారే, ఆ విరేచనాల సంగతి ముందు చూడాలి. సర్దుకుంటాయని ఎదురుచూడొద్దు, ఇది చదవగానే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి. ఇమ్యునోథెరపీలో ఉన్నవాళ్లకు విరేచనాలు పట్టుకుంటే మామూలు అజీర్తి అనుకోవడానికి వీల్లేదు, మందు వల్ల మేల్కొన్న రోగనిరోధక కణాలు ఒక్కోసారి సొంత పేగు మీదే దాడి చేసి పెద్దపేగు వాపు తెస్తాయి, దీన్నే కొలైటిస్ అంటాం. మొదట్లోనే పట్టుకుంటే చాలామందికి స్టెరాయిడ్స్‌తో తగ్గిపోతుంది, ఆలస్యమైతే పేగుకు చిల్లు పడేదాకా వెళ్లిన కేసులూ ఉన్నాయి. రోజూ వెళ్లేదానికన్నా నాలుగు సార్లు ఎక్కువగా వెళ్తున్నా, మలంలో రక్తం, జిగురు కనిపించినా, కడుపునొప్పి, జ్వరం ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరుకు చెప్పకుండా విరేచనాలు కట్టే మాత్రలు వేయొద్దు, లోపల వాపు పెరుగుతున్నా పైకి తెలియకుండా పోతుంది. క్యాప్సూల్స్ కూడా ఇప్పటికి ఆపేయండి, పేగు గోడ వాచి ఉన్నప్పుడు, అందులోనూ స్టెరాయిడ్స్ మొదలుపెట్టాల్సి వస్తే, బతికున్న బ్యాక్టీరియాను లోపలికి పంపడం మంచిది కాదు. అరుదుగానే అయినా అవి రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి.

ఇక మీరు చదివిన విషయం. అది అబద్ధం కాదు. క్యాన్సర్ మీద దాడి చేసే మన రోగనిరోధక కణాల్ని టీ కణాలంటారు, వాటి మీద పీడీ-1 అనే బ్రేకు ఒకటుంటుంది, క్యాన్సర్ కణం దాన్ని నొక్కిపట్టి తప్పించుకుంటుంది, పెంబ్రోలిజుమాబ్ వచ్చి ఆ బ్రేకు పడకుండా అడ్డుకుంటుంది. కానీ బ్రేకు తీసినంత మాత్రాన సరిపోదు, దాడికి సిద్ధంగా ఉన్న టీ కణాలు ఒంట్లో ఉండాలి కదా. వాటిని సిద్ధం చేయడంలో పేగులోని బ్యాక్టీరియాకు చెయ్యుందని 2015లో షికాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. రెండు వేర్వేరు చోట్ల పెరిగిన ఒకే జాతి ఎలుకలు, ఒకే రకం కణితి, అయినా ఒక గుంపులో అది వేగంగా పెరిగింది, ఇంకో గుంపులో నెమ్మదిగా. రెండు గుంపుల్నీ ఒకే బోనులో పెడితే ఆ తేడా పోయింది, ఎందుకంటే ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి, అలా బ్యాక్టీరియా అటూ ఇటూ చేరిపోయింది. తేడాకు కారణం ముఖ్యంగా బిఫిడోబాక్టీరియం అనే రకం బ్యాక్టీరియా అని తేల్చారు.

అదే బిఫిడోబాక్టీరియం ఉన్న డబ్బా మందుల షాపులో దొరుకుతుంటే ఎందుకు వద్దంటున్నానని మీకు అనిపించొచ్చు. మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ అంత తేలిగ్గా లేదు. 2018లో ఒకేసారి మూడు పెద్ద అధ్యయనాలు వచ్చాయి, మందు పనిచేసినవాళ్ల పేగుల్లో అకెర్మాన్సియా అనే బ్యాక్టీరియా ఎక్కువుందని పారిస్ వాళ్లన్నారు, ఫీకాలిబాక్టీరియం అని హ్యూస్టన్ వాళ్లన్నారు, షికాగో వాళ్ల జాబితాలో ఇంకొన్ని పేర్లున్నాయి. ఏ ఒక్క క్రిమినో తెచ్చి వేస్తే పని జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం. పైగా 2021లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్ని పరిశీలించిన అధ్యయనంలో, తిండిలో పీచు తగినంత ఉండి, ప్రొబయోటిక్స్ వాడనివాళ్లకే అందరికన్నా మంచి ఫలితం కనిపించింది. అదే పరిశోధనలో షాపుల్లో అమ్మే ప్రొబయోటిక్స్ ఇచ్చిన ఎలుకల్లో మందు సరిగ్గా పనిచేయలేదు, కణితులు పెద్దవయ్యాయి. కొన్ని ప్రత్యేకమైన బ్యాక్టీరియాలతో ట్రయల్స్ జరుగుతున్నాయి, కిడ్నీ క్యాన్సర్‌లో క్లాస్ట్రిడియం బ్యుటిరికంతో చేసిన చిన్న ట్రయల్ ఆశ పుట్టించింది కూడా. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరిగిన పని, మనంతట మనం కొని వేసుకోవడం వేరు.

మీ అమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి: నిమోనియాకు యాంటీబయాటిక్స్ ఇవ్వడంలో ఎవరి తప్పూ లేదు, అవి ఇవ్వకపోయుంటే క్యాన్సర్ చికిత్సదాకా వచ్చేవారే కాదేమో. ఇమ్యునోథెరపీకి ముందు 30 రోజుల్లో యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో ఫలితాలు తక్కువగా ఉన్నాయని 2019లో 196 మంది మీద వచ్చిన అధ్యయనం చెప్పింది, చికిత్స మొదలయ్యాక వాడినవాళ్లలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. ఇందులో ఒక మెలిక ఉంది, యాంటీబయాటిక్స్ అవసరం పడినవాళ్లు అప్పటికే మిగతావాళ్లకన్నా నీరసించి ఉండొచ్చు, కాబట్టి నష్టం యాంటీబయాటిక్స్ వల్లా, జబ్బు వల్లా అని విడదీయడం కష్టం. అధ్యయనంలో కనిపించే సగటును పట్టుకుని మీ నాన్నగారికి ఏమవుతుందో చెప్పలేం, దానికి స్కాన్ చూడాల్సిందే. ఇకమీదట జలుబుకీ, మామూలు దగ్గుకీ సొంతంగా యాంటీబయాటిక్ కొని వేయకుండా ఉంటే చాలు, నిజమైన ఇన్‌ఫెక్షన్ వస్తే మాత్రం భయపడి మానొద్దు.

మలం ఎక్కించడమంటే, ఇమ్యునోథెరపీ బాగా పనిచేసినవాళ్ల మలాన్ని పరీక్షించి, శుద్ధిచేసి, కొలనోస్కోపీ ద్వారానో క్యాప్సూల్స్‌గానో ఇస్తారు. 2021లో రెండు చిన్న ట్రయల్స్ వచ్చాయి, అంతకుముందు మందు పనిచేయని మెలనోమా రోగుల్లో ఒకదాంట్లో పది మందికి ముగ్గురిలో, ఇంకోదాంట్లో పదిహేను మందికి ఆరుగురిలో ప్రయోజనం కనిపించింది. అన్ని దారులూ మూసుకుపోయినవాళ్లలో ఇది చిన్న విషయం కాదు, చదివినప్పుడు నాకూ చాలా ఆశ కలిగింది. కానీ 2019లో అమెరికాలో వేరే ట్రయల్స్‌లో, సరిగ్గా పరీక్షించని దాత మలం నుంచి యాంటీబయాటిక్స్‌కు లొంగని ఇ.కోలై అనే బ్యాక్టీరియా ఇద్దరు రోగులకు సోకి, ఒకరు చనిపోయారు. అందుకే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప ఇంకెక్కడా దీనికి ఒప్పుకోకండి. పైగా మీ నాన్నగారికి ఇంకా మూడు డోసులే అయ్యాయి, మందు పనిచేయడం లేదని ఎవరూ అనలేదు కదా.

ఇంట్లో చేయగలిగిందల్లా తిండి దగ్గరే. నేను పైన చెప్పిన మెలనోమా అధ్యయనంలో తగినంత పీచు అంటే రోజుకు కనీసం 20 గ్రాములు, ఆపైన ప్రతి ఐదు గ్రాములకూ జబ్బు ముదిరే ముప్పు తగ్గుతూ కనిపించింది. పప్పుధాన్యాలు, పొట్టు తీయని ధాన్యాలు, కూరగాయలు, పండ్లు, వీటిలోని పీచును పేగు బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి పదార్థాలు తయారుచేస్తుంది, రోగనిరోధక కణాలకు అవి పనికొస్తాయి. ఇదంతా విరేచనాలు తగ్గి, డాక్టరు సరేనన్న తర్వాత, అదీ కొంచెం కొంచెంగా పెంచాలి, ఇప్పుడే మొదలుపెడితే పేగుకు ఇంకా ఇబ్బంది. ఇంకొకటి, రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రలు కూడా పేగు బ్యాక్టీరియాను మారుస్తాయి, ఆయన ఏళ్ల తరబడి వేసుకుంటుంటే మీ అంతట మీరు ఆపకండి, ఇంకా అవసరమా అని ఈసారి వెళ్లినప్పుడు అడగండి.