వేగాస్ నుంచి ఒక్క రోజులో డెత్ వ్యాలీ, పెద్దవాళ్ళతో

డిసెంబర్ చివర్లో అమ్మానాన్నలతో లాస్ వేగాస్ వస్తున్నామనీ, ఒక్క రోజే ఖాళీ ఉందనీ, గ్రాండ్ క్యానియన్‌కి వెళ్ళాలా డెత్ వ్యాలీకి వెళ్ళాలా అనీ అడిగారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయని కూడా రాశారు. నేను మావాళ్ళని చలికాలంలోనే తీసుకెళ్ళాను కాబట్టి నా ఓటు కాలిఫోర్నియా ఎడారిలోని ఈ డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకే. గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచు వేగాస్ నుంచి దాదాపు 280 మైళ్ళు. పోను నాలుగున్నర గంటలు, రాను మళ్ళీ అంతే. చలికాలంలో ఉండే కాస్త పగలూ కారులోనే అయిపోతుంది. డెత్ వ్యాలీ అయితే పరంప్ ఊరి మీదుగా రెండు, రెండున్నర గంటల్లో చేరిపోతారు. పైగా చూడాల్సినవాటిలో చాలావరకు కారు దిగిన చోటే ఉంటాయి.

ఎండ గురించి టెన్షన్ అక్కర్లేదు. అందరూ చెప్పే 56.7 డిగ్రీల సెల్సియస్ ప్రపంచ రికార్డు ఎండ ఇక్కడ నమోదైంది 1913 జూలై 10న, అంటే నడి వేసవిలో. డిసెంబర్‌లో లోయలో పగటి ఎండ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. మా నాన్న "రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, ఇదేం ఎడారిరా" అంటూ స్వెట్టర్ వేసుకున్నారు. అయితే గాలి బాగా పొడిగా ఉంటుంది. చెమట పట్టినట్టే తెలియదు, దాహమూ వెయ్యదు, అందుకే పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. మనిషికి ఒక గ్యాలన్ లెక్కన కారులో పెట్టుకుని మీరే గుర్తుచేసి తాగిస్తూ ఉండండి.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు పైకెక్కి తర్వాత కిందికి దిగండి. చాలామంది నేరుగా లోయలోకి దిగిపోయి, పైకి వెళ్ళడానికి టైం లేక వదిలేస్తారు. పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే మొదట డాంటేస్ వ్యూకి వెళ్ళొచ్చు, అది కొండ మీద నుంచి లోయని చూసే చోటు. ఎత్తు 5,475 అడుగులు. చివరి పావు మైలు రోడ్డు బాగా నిటారుగా ఉంటుంది, చిన్న గేరులో మెల్లగా ఎక్కించండి. పొద్దుటి పూట సూర్యుడు మన వీపు వైపు ఉంటాడు కాబట్టి ఎదురుగా లోయంతా స్పష్టంగా కనిపిస్తుంది. అడుగున తెల్లగా పరుచుకున్నదంతా ఉప్పు. దానికి అవతల టెలిస్కోప్ శిఖరం 11,049 అడుగులు, చలికాలంలో నెత్తిన మంచుతో ఉంటుంది. లోయకన్నా పైన చలి చాలా ఎక్కువ, గాలి కూడా కొడుతుంది. మంకీ క్యాప్ తెచ్చుకున్నందుకు మా అమ్మని ఆ రోజు ఎవరూ ఏమీ అనలేకపోయాం.

దారిలో డెత్ వ్యాలీ జంక్షన్ అనే చిన్న చోట ఒక పాత నాటకశాల ఉంది. 1967లో టైరు పంక్చరై అక్కడ ఆగిన మార్తా బెకెట్ అనే న్యూయార్క్ నర్తకి దాన్ని అద్దెకు తీసుకుని, దశాబ్దాలపాటు అక్కడే నాట్యం చేసింది. చూసేవాళ్ళు అంతగా రాకపోవడంతో గోడల మీద ప్రేక్షకులని తానే బొమ్మలు గీసుకుంది. లోపలికి వెళ్ళలేకపోయినా బయట ఐదు నిమిషాలు ఆగండి.

తర్వాత జబ్రిస్కీ పాయింట్. పార్కింగ్ నుంచి చిన్న ఎక్కుడు దారి, నున్నగానే ఉంటుంది. మోకాళ్ళు నొప్పంటే మధ్యలో ఆగుతూ ఎక్కొచ్చు. అక్కడ ఎదురుగా కనిపించే పసుపు గుట్టలు లక్షల ఏళ్ళ కిందట ఎండిపోయిన సరస్సు అడుగు మట్టే. ఫోటోలు తీసుకుని, లోయలో ఉన్న ఫర్నెస్ క్రీక్ అనే మజిలీకి వెళ్ళి, పులిహోర, పెరుగన్నం అక్కడే తినెయ్యండి. బాత్రూములు, తాగునీళ్ళు ఉన్నాయి.

అక్కణ్ణుంచి పదిహేడు మైళ్ళు దక్షిణంగా బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు మైదానం. సముద్రమట్టానికి 282 అడుగులు, అంటే 86 మీటర్లు కింద. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పల్లపు నేల లేదు. కారు దిగగానే వెనక్కి తిరిగి కొండ వైపు తలెత్తి చూడండి, రాతి మీద సముద్రమట్టం ఎక్కడో చూపించే బోర్డు ఉంటుంది. ఆ కొండ మీదే పొద్దున మీరు నిలబడింది. ఇది చూశాకే మా నాన్నకి లోతు నిజంగా అర్థమైంది. పైకి ముందు వెళ్ళమన్నది ఇందుకే.

చాలామంది చెక్క వంతెన దగ్గరే ఫోటో దిగి వెళ్ళిపోతారు. అక్కడి ఉప్పు జనం తొక్కి తొక్కి మురికిగా ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్ళు మైలు దాకా లోపలికి నడిస్తే, గట్లు కట్టినట్టు పలకలు పలకలుగా లేచిన తెల్లటి ఉప్పు కనిపిస్తుంది. కింద నుంచి ఉప్పునీరు పైకి ఊరుతుంది, ఎండకి ఆవిరవుతుంది, మిగిలిన ఉప్పు అంచుల దగ్గర పొంగుతుంది. ఏడాదికి సగటున రెండంగుళాల వానే పడే చోటే అయినా, పెద్ద వానలు పడితే అక్కడ కొన్నాళ్ళు నీళ్ళు నిలుస్తాయి. మా అమ్మది చినగంజాం వైపు, ఉప్పుమడుల మధ్య పెరిగింది. "ఇంత ఉప్పు పెట్టుకుని ఎవరూ కొయ్యరా?" అని ఒకటే ఆశ్చర్యం. దేవుడి గదిలో పెట్టుకోడానికి చిటికెడు తీసుకుంటానంది. కుదరదు, పార్కులో చిన్న రాయి కూడా తీసుకెళ్ళకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆర్టిస్ట్స్ డ్రైవ్‌లోకి తిప్పండి. తొమ్మిది మైళ్ళ వన్‌వే, దక్షిణం నుంచి ఉత్తరానికి మాత్రమే, అందుకే బ్యాడ్‌వాటర్ తర్వాతే పెట్టుకోవాలి. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఎండ కొండల ముఖాన పడి ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగులు తేలతాయి. అగ్నిపర్వతాల బూడిదలోని ఇనుము, ఇతర ఖనిజాలే ఆ రంగులకి కారణం. నాన్నగారు కారు దిగనక్కర్లేదు.

మెస్కీట్ ఇసుక దిబ్బలు వదిలెయ్యండి. ఇంకా ఇరవైకి పైగా మైళ్ళు, ఇసుకలో నడక, మోకాళ్ళకి పడదు.

పెట్రోల్ పరంప్‌లోనే ఫుల్ ట్యాంక్ కొట్టించండి. లోపల బంకు ఉంది గానీ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నేను వెళ్ళినప్పుడు టికెట్ కారుకి 30 డాలర్లు, కార్డు మాత్రమే తీసుకున్నారు. ముందు రోజు రాత్రి పార్కు వెబ్‌సైట్‌లో రోడ్ల పరిస్థితి చూడండి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను వానకి రోడ్లు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూసేశారు. డాంటేస్ వ్యూ రోడ్డు ఒక్కటే మూసి ఉంటే ట్రిప్ మానుకోనక్కర్లేదు. జబ్రిస్కీ నుంచి మొదలుపెట్టి, మిగిలిన టైం బ్యాడ్‌వాటర్‌లో ఉప్పు మీద నడవడానికి వాడుకోండి.