ఆకు కదలని ఉదయం

చిట్టితల్లికి తాతయ్య దీవెనలు.

రెండో పంట దాళ్వా చేలకు పురుగుమందు కొట్టే రోజుల్లో కోనసీమ గట్ల మీద తిరిగి, జనం పీల్చే గాలిలో ఎంత విషం ఉందో లెక్క కడతావని మీ నాన్న చెప్పాడు. వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గాలి లాగే పంపును చేలో కర్రకు కట్టి ఊరుకోకు, మనిషి మెడ దగ్గర తగిలించు. మందులు మొదలుకాకముందే కొట్టేవాళ్ల రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయించు, ఇలాంటి మందులు ఒంట్లో దెబ్బతీసే ఎంజైము అదే; మొదటి అంకె లేకపోతే తర్వాత ఎంత పడిందో ఎలా తెలుస్తుంది? డబ్బా మీద త్రికోణం ఆకుపచ్చగా ఉందని ధైర్యపడకు. ఆ రంగులు, మందు మింగితే ఎంత విషం, ఒంటికి తగిలితే ఎంత అన్న లెక్కతో వేసినవి. పీల్చే సంగతి వాటిలో లేదు.

అసలు సంగతి మీ మామ్మ నీకు చెప్పి ఉండదు.

అప్పటికి మీ నాన్న పాలు తాగే పిల్లాడు. చేనికి సుడిదోమ పట్టింది. తెల్లవారుజామున మంచు, కొబ్బరాకు కదలడం లేదు. గాలి లేదు, మందు ఎటూ పోదు, ఇదే అదను అనుకుని మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిపి పంపు భుజాన వేసుకున్నాను. నేల చల్లబడి పైన గాలి వెచ్చగా ఉన్నప్పుడు సన్నటి తుంపర పైకి లేవలేక నేలబారున పాకుతుందని ఎవరు చెప్పారు నాకు? మా పొయ్యి పొగ కూడా ఆ పూట పైకి లేవకుండా చూరు కిందే అడ్డంగా పరుచుకుంది. చూశాను, పట్టించుకోలేదు.

ఆ పొయ్యి దగ్గరే మామ్మ కూర్చుంది. కళ్ల వెంట నీళ్లు, ఛాతీ పట్టేసిందంటే పొగ అన్నాను, మజ్జిగ తాగమన్నాను. వాంతులు మొదలయ్యాక అమలాపురం తీసుకువెళ్లాను. కనుపాపలు ఆవగింజంత అయిపోయాయి. డాక్టరు ఆమెను ఏమీ అడగలేదు. నా వైపు తిరిగి, "ఏం మందు కొట్టావు?" అన్నాడు. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించారు, బతికింది. తనకు వాసనే రాలేదట. మీ నాన్న లోపలి గదిలో నిద్రపోయాడు కాబట్టి సరిపోయింది.

అందుకే, తల్లీ, మందు కొట్టేవాడి దగ్గరే ఆగిపోకు. గట్టుకు ఆనుకుని ఉన్న ఇళ్లకు, బళ్లకు వెళ్లు. గాలి లేని ఉదయాలే ఎంచుకో, పొగ ఎటు పోతోందో చూడు. ముఖానికి చున్నీ కట్టుకుంటే చాలనుకున్నావంటే నా చేత తిట్లు తింటావు, గుడ్డ ఆవిరిని ఆపదు. బొగ్గు డబ్బాలున్న మాస్కు కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను.

మామ్మ సున్నుండలు కట్టింది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే డబ్బా మూత తీయమంది.

మీ తాతయ్య