సెలవులో ఉన్న పోలీసు వెంట తుపాకీ ఉండాలా?

గుంటూరులో పోలీసు గన్‌మన్‌గా చేస్తున్న మీ బావమరిది సెలవు పెట్టి విజయవాడ పెళ్లికి వస్తుంటే ఆయుధం తెచ్చి తీరాలని మీ మామయ్యగారు అంటున్నారని అడిగారు కదా. తికమకంతా "పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే" అన్న మాట దగ్గరే మొదలైంది. 1861 పోలీసు చట్టం 22వ సెక్షన్‌లో ఆ మాట ఉన్నది నిజమే, కానీ అది ఎప్పుడు పిలిచినా రావాలన్న సంగతి, పిస్టల్ మోయాలని కాదు. కాబట్టి మీ మామయ్యగారి వాదన నిలవదండి.

1. చేతిలో ఉన్నది సర్కారు పిస్టలా, సొంత లైసెన్సుదా? ముందు అది తేల్చుకోండి.

2. సర్కారుదైతే సెలవుకు ముందే అప్పగించేయమనండి. చాలామంది తప్పేది ఇక్కడే: పిస్టల్ ఇచ్చేసి, రౌండ్లు (తూటాలు) లెక్క పెట్టించకుండా బస్సెక్కేస్తారు. ఒక్కో రౌండూ ఎదురుగా లెక్కపెట్టించి, పిస్టల్ నంబరు సరిచూసి, ఆయుధాల రిజిస్టర్‌లో తేదీ, టైమ్ వేయించి సంతకం పెట్టాలి. ఒక్క రౌండ్ తగ్గినా పెళ్లి భోజనం దిగదు, అంత టెన్షన్.

3. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు డ్యూటీలో భాగంగా ఉంచుకున్న ఆయుధానికే. సొంతదైతే పోలీసైనా లైసెన్సు ఉండాల్సిందే.

మామయ్యగారు అమెరికా వీడియోలు చూసి అలా అంటూ ఉండొచ్చు. అక్కడి 2004 చట్టం కూడా అర్హులైన పోలీసులు డ్యూటీలో లేనప్పుడు తుపాకీ పెట్టుకోవచ్చంటుందే తప్ప, పెట్టుకోవాలనదు.

అప్పగించిన సర్కారు పిస్టల్‌ని మీ బావమరిది తిరిగి డ్యూటీలో చేరాక అదే రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకుంటాడు.