అర్ధరాత్రి ఫోన్ ఎత్తడం లాయరు పనేనా?

ప్రశ్న: నా వయసు 38. గుంటూరులో లాయర్‌ని. సీనియర్ దగ్గర చాలాకాలం పనిచేసి, నాలుగేళ్ల క్రితం సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాను. ఫ్యామిలీ కేసులే చూస్తాను. విడాకుల కోసం వచ్చేవాళ్లు మానసికంగా కుప్పకూలి ఉంటారు. ముందు వాళ్ల గోడు విని, ధైర్యం చెప్పాకే కాగితాల జోలికి వెళ్తాను. ఇప్పుడు ఆ పద్ధతే నా ప్రాణం మీదికొచ్చింది. రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లు. గంటలకొద్దీ విన్నాక ఫీజు అడగడానికి నోరు రాదు. ‘నువ్వు లాయరువా, కౌన్సెలర్‌వా?’ అని బార్ అసోసియేషన్‌లో తోటి లాయర్ల వెటకారం. పోయిన నెల ఒకావిడ ‘బతకాలని లేదు మేడం’ అని వాయిస్ మెసేజ్ పెట్టింది. నేను వినేసరికి తెల్లారింది. ఆవిడకేం కాలేదు గానీ అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఈమధ్య క్లయింట్ల మీద విసుక్కుంటున్నాను కూడా. ఇవన్నీ వదిలేసి బ్యాంకు కేసులు చూసుకోమంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: ముందు ఆ వాయిస్ మెసేజ్ సంగతి మాట్లాడుకుందాం. మిగతావి రేపటిదాకా ఆగుతాయి, ఇది ఆగదు.

మీరు నిద్రపోతుండగా వచ్చిన మెసేజ్‌కి మీరు బాధ్యులు కారమ్మా. అయితే ఆ రాత్రి ఆవిడకు మీ నంబరు తప్ప ఇంకో దిక్కు తోచలేదు. దాన్ని మార్చడం మీ చేతిలో ఉంది. వకాలత్ (కేసు మీకు అప్పగించే కాగితం) మీద సంతకం తీసుకునే రోజే ‘మీకు మరీ కష్టంగా ఉంటే నేనెవరికి ఫోన్ చేయను?’ అని అడగండి. అక్కో, అన్నయ్యో, స్నేహితురాలో, ఎవరో ఒకరి పేరూ నంబరూ రాసుకోండి. అవసరం పడితే వాళ్లకు చెప్పడానికి ఒప్పుకోలు కూడా అప్పుడే తీసుకోండి. క్లయింటు చెప్పింది బయట పెట్టకూడదన్న నియమం మీకుంది కాబట్టి ఇది ముందే జరగాలి. మానసికంగా కష్టంలో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను మీ కార్డు వెనక అచ్చు వేయించండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరైనా మీ ఎదురుగా కూర్చుని అలాంటి మాటంటే ‘ఛ, అలా అనకూడదు’ అని దాటేయకండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కర్లేదు. ఔనంటే మాత్రం ఇంట్లోవాళ్లు వచ్చేదాకా కదలనివ్వకండి. ప్రమాదం కళ్లెదుటే ఉంటే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

ఇక మీ పద్ధతి సంగతి. అది తప్పని నేననను. హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికన్ మానసిక వైద్యులు 1967లో జీవితంలో వచ్చే కుదుపులకు మార్కులు వేశారు. భర్తో భార్యో చనిపోవడానికి 100, విడాకులకు 73. జైలుకెళ్లడానికి వేసింది 63 మాత్రమే! అలాంటి స్థితిలో వచ్చిన మనిషి ముందు నేరుగా ఫైలు తెరిచేవాళ్లే ఆలోచించుకోవాలి. బార్‌లో వెటకారం చేసేవాళ్లకు చట్టమే జవాబు చెబుతుంది. (మీకు నేను చట్టం చెప్పడమేమిటి, చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.) 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, వీలున్న చోటల్లా ముందు రాజీకి ప్రయత్నించమని జడ్జీలకే చెప్పింది. కోర్టుకు కౌన్సెలర్లు కూడా ఉండాలంది. అంటే ఆ ఏడుపుకి కోర్టులో చోటుందని చట్టమే ఒప్పుకుంది. కాకపోతే దానికి వేరే మనిషిని పెట్టింది. మీరేమో ఇద్దరి పనీ ఒక్కరే నెత్తికెత్తుకున్నారు.

అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో స్టూవర్ట్ వెబ్ అనే లాయరు 1990లో ఇక కోర్టుకెళ్లనని, రాజీ కుదిర్చే పనే చేస్తానని తేల్చి చెప్పేశాడు. రాజీ బెడిసి కేసు కోర్టుకెక్కితే ఇరుపక్షాల లాయర్లూ తప్పుకోవాలన్నది ఆ పద్ధతిలో షరతు. తర్వాత అది చాలా దేశాలకు పాకింది. కౌన్సెలర్లు, డబ్బు లెక్కలు చూసే నిపుణులు కూడా అందులో చేరారు. మీకు అంత హంగు అక్కర్లేదు. ఊళ్లో మంచి సైకాలజిస్టు ఒకరిని చూసుకుని, రెండోసారి కూడా గంటసేపు ఏడ్చిన క్లయింటును అక్కడికి పంపండి. ‘వదిలించుకుంటోంది’ అనుకుంటారని మీకు అనిపించొచ్చు. ‘మీ కేసు నేను చూస్తాను, మీ నిద్ర సంగతి ఆవిడ చూస్తారు’ అని చెప్పి చూడండి, నొచ్చుకోరు.

మరి మీ దయ ఎక్కడ చూపించాలి? వాయిదాకు ముందు రోజు సాయంత్రం. కోర్టు మెట్లు ఎప్పుడూ ఎక్కని మనిషికి ఆ రాత్రి నరకం. పొద్దున వరండాలో అదే బెంచీకి అటు చివర అత్తగారు, మామగారు కూర్చుని ఉంటారు. బంట్రోతు పేరు గట్టిగా పిలుస్తాడు. లోపలికెళ్లిన రెండు నిమిషాల్లో ఏదో అంటారు, మరో తేదీ వేస్తారు, బయటికొచ్చేస్తారు. ఏం జరిగిందో ఆవిడకు అర్థం కాదు, ఓడిపోయాననుకుని ఆ రాత్రే మీకు ఫోన్ చేస్తుంది. అందుకని ముందు రోజే ఐదు నిమిషాలు మాట్లాడండి. ‘రేపు వాళ్లు కౌంటర్, అంటే మన పిటిషన్‌కి జవాబు వేస్తారు, అంతే. అందులో మీ గురించి చెడ్డగా రాసి ఉంటుంది, ఆశ్చర్యపోకండి. మీరు మాట్లాడాల్సింది ఏమీ లేదు. మీ అన్నయ్యను తోడు తెచ్చుకోండి, వాళ్లున్న వైపు కూర్చోకండి.’ ఇది చెప్తే అర్ధరాత్రి ఫోన్లు సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం.

రెండోది పిటిషన్. కోపంలో ఉన్న మనిషి ‘వాడి బండారమంతా రాయండి’ అంటాడు, ‘దాని క్యారెక్టర్ రాయండి’ అంటాడు. ఆధారం లేని నిందలు పిటిషన్లో రాయడం కూడా మానసిక క్రూరత్వమేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనే. ఆ తీర్పు సంగతి చెప్పండి. డ్రాఫ్టు ఇంటికిచ్చి, వారం తర్వాత చదివి సంతకం పెట్టమనండి. పదో తరగతికొచ్చాక మీ అబ్బాయి ఇది చదివితే ఫర్వాలేదా అని కూడా అడగండి. చాలామంది తిరిగొచ్చి రెండు మూడు పేరాలు వాళ్లంతట వాళ్లే కొట్టేయిస్తారు. అన్నట్టు, మగవాళ్లు మీ దగ్గర ఏడవరు. ‘ఒక్క రూపాయి ఇచ్చేది లేదు, ఎంత దూరమైనా వెళ్తా’ అని బల్ల గుద్దుతారు. వాళ్లూ కుప్పకూలే ఉన్నారు. ఆ మాట నమ్మి భరణం మీద యుద్ధం మొదలెడితే పదేళ్లయినా తెగదు.

క్లయింట్ల కోసం వేరే సిమ్‌తో ఇంకో ఫోన్ పెట్టుకోండి. సాయంత్రం ఏడు దాటితే అది ఆఫీసు సొరుగులోనే ఉండాలి, ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. కొట్టారనో గెంటేశారనో వచ్చే ఫోన్లకు మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసర నంబరు 112 ఉన్నాయి. ఆ వేళలో మీకన్నా ముందు వాళ్లు రాగలరు. ఫీజు కూడా మొదటి రోజే కాగితం మీద రాసివ్వండి. నోరు రాదంటున్నారుగా, గుమాస్తా చేత ఇప్పించండి. నిజంగా ఇచ్చుకోలేని ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఆ దారి చూపించండి, లేదా మీరే ఆ ప్యానెల్‌లో చేరండి.

విసుక్కుంటున్నానన్నారు, నిద్ర లేదన్నారు. ఇది మీ మనసు బండబారడం కాదు, ఒళ్లు అలిసిపోవడం. క్లయింట్లను పంపే ముందు ఆ సైకాలజిస్టు దగ్గరికి మీరే ఒకసారి వెళ్లి రండి.

మీవారి మాట పూర్తిగా కొట్టిపారేయకండి. రెండు మూడు బ్యాంకు ఫైళ్లు ఉంటే వారంలో ఎవరూ ఏడవని రోజు ఒకటి దొరుకుతుంది. మొత్తం వదిలేయాలన్నా ఇవాళ్టికివాళ కుదరదు. ఉన్న కేసుల్లో క్లయింట్లకు ముందుగా చెప్పి, వేరే లాయరుకు ఫైలు అప్పగించేదాకా మీరు నిలబడక తప్పదు. దానికెలాగూ కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా కొత్త కేసులు తగ్గించి పైన చెప్పిన మార్పులు చేసి చూడండి. వేసవి సెలవుల తర్వాత కూడా సోమవారం అనగానే కడుపులో తిప్పుతుంటే అప్పుడు మళ్లీ రాయండి.