పాత బండికి కొత్త బ్యాటరీ కొనే ముందు

ప్రశ్న: చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారుజామున పాలు సేకరించి కేంద్రానికి చేర్చడం నా పని. బండి 150 సీసీది, కొని పదిహేనేళ్లు దాటింది. ఏడాది తిరగకుండానే రెండో బ్యాటరీ కూడా పోయింది. ఉదయం సెల్ఫ్ అందుకోవడం లేదు, హారన్ బొంగురుగా మోగుతోంది, ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు మసకబారుతోంది. ఒక మెకానిక్ కాయిల్ ప్లేటు (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే భాగం) మార్చాలంటున్నారు, ఇంకొకరు రెగ్యులేటర్ (ఆ కరెంటును అదుపుచేసి బ్యాటరీకి పంపే భాగం) పోయిందంటున్నారు, బ్యాటరీ దుకాణంలో మళ్లీ కొత్త బ్యాటరీయే తీసుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మల్టీమీటరుతో (వోల్టేజీ, నిరోధం కొలిచే పరికరం) కొలిచి చూసేదాకా ఈ మూడింటిలో దేనికీ డబ్బు పెట్టకండి. వరసగా రెండు బ్యాటరీలు పోయాయంటే లోపం చాలావరకు బ్యాటరీలో ఉండదు. దానికి చేరవలసిన కరెంటు చేరకపోవడమో, చేరినదానికంటే ఎక్కువ ఖర్చవడమో జరుగుతూ ఉంటుంది. ఆ కారణం అలాగే ఉండగా మూడో బ్యాటరీ వేసినా అదే గతి పడుతుంది.

ముందుగా బ్యాటరీని బయట ఛార్జరుతో నిండుగా ఛార్జి చేయించి, కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలవండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు; నిండా ఛార్జి చేసినా 12.2 దాటకపోతే బ్యాటరీ లోపల ప్లేట్లు దెబ్బతిన్నట్టే. ఆ తర్వాత బండిలో బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, మీటరు వైర్లను బ్యాటరీ టెర్మినళ్లకే పెట్టి, నెమ్మదిగా నాలుగైదు వేల ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) వరకు రేజ్ చేయండి. వోల్టేజీ పెరిగి 13.8 నుంచి 14.5 మధ్య నిలబడితే ఛార్జింగ్ వ్యవస్థ బాగున్నట్టే. ఎంత రేజ్ చేసినా 12.5 దగ్గరే ఉండిపోయినా, ఇంకా తగ్గుతున్నా, కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోందని అర్థం.

ఈ దారిలో అన్నిటికంటే ముందు చూడవలసింది, అందరూ చివరికి వదిలేసేది, కాయిల్ నుంచి వచ్చే వైర్లు రెగ్యులేటర్ వైపు కలిసే కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు. చాలా బండ్లలో అవి మూడు పసుపు వైర్లు. కప్లర్‌ను విడదీసి వెలుతురులో చూడండి: తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక పిన్ను చుట్టూ కరిగి ముడుచుకుని, ఆ వైరు పైతొడుగు గట్టిపడి పెళుసుగా ఉంటే, కాయిల్ ఎంత మంచిదైనా ఆ ఒక్క చోటే కరెంటు వేడిగా మారి పోతోంది. పిన్ను వదులై, దానికి తేమ, దుమ్ము తోడైతే నిరోధం పెరుగుతుంది. నిరోధం వల్ల వేడి, వేడి వల్ల పిన్ను మరింత వదులు కావడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. కాలిన కప్లర్‌ను తోమి మళ్లీ బిగించడం కంటే కొత్త కప్లర్ వేయడమో, వైర్లను గట్టిగా సోల్డరింగ్ చేయించి తొడుగు వేయించడమో మేలు. కాయిల్ ప్లేటు ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ ఖర్చు, అందుకే దీన్ని మొదటే చూడమని నొక్కి చెబుతున్నాను.

కప్లర్ బాగుంటే, దాన్ని విడదీసి ఉంచే కాయిల్‌ను పరీక్షించండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఏ రెండు పసుపు వైర్ల మధ్యనైనా నిరోధం ఒక ఓమ్ లోపు, మూడు జతలకూ దాదాపు సమానంగా చూపాలి. ఏ పసుపు వైరుకూ బాడీతో సంబంధం ఉండకూడదు. బాడీకి కలిసినట్టు చూపితే లోపల చుట్టు కాలిపోయిందని, కాయిల్ ప్లేటు మార్చక తప్పదని తెలుసుకోండి. ఆ తర్వాత మీటరును ఏసీ వోల్టేజీకి (కాయిల్ నుంచి వచ్చేది ఏసీ కరెంటే) మార్చి, ఇంజిన్ రేజ్ చేస్తూ రెండేసి వైర్ల మధ్య కొలవండి. అయిదు వేల ఆర్పీఎం దగ్గర సాధారణంగా 50 వోల్టులు, అంతకు మించి వస్తుంది కనుక పిన్నులను చేత్తో తాకకండి. అంకె కంటే ముఖ్యం మూడు జతలూ సమానంగా ఉండడం. ఏసీ సరిగ్గా వస్తూ బ్యాటరీ దగ్గర మాత్రం వోల్టేజీ పెరగకపోతే, రెగ్యులేటర్‌ను అనుమానించవచ్చు. అయితే దాన్ని కొనే ముందు, ఇంజిన్ రేజ్‌లో ఉండగా రెగ్యులేటర్ ఎర్త్‌కూ (అది ఫ్రేముకు కలిసే చోటు) బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. అక్కడ 0.2 వోల్టుల కంటే ఎక్కువ కనబడితే తప్పు ఎర్త్ వైరుది. పాజిటివ్ వైపూ ఇలాగే చూడాలి, మధ్యలో ఉన్న ఫ్యూజు హోల్డరుతో సహా.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. అప్పుడు మీ పని తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. చీకట్లో హెడ్‌లైటు వేసుకుని, ఇంటింటి దగ్గర ఆగి, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టే బండికి బ్యాటరీ నింపుకునే తీరిక దొరకదు. 35 వాట్ల బల్బు ఒక్కటే దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. స్లోలో ఉన్న ఇంజిన్ అంత ఇవ్వలేకపోవచ్చు. కిక్ ఉంటే కిక్‌తోనే స్టార్ట్ చేయండి, ఆగిన చోట లైటు ఆపండి, వారానికి ఒక రాత్రి ఛార్జరు పెట్టండి. వెనక బ్రేకు లైటును కూడా ఒకసారి చూడండి: పాత బండ్లలో బ్రేకు స్విచ్ స్ప్రింగు సర్దుబాటు తప్పి, పెడల్ తొక్కకపోయినా 21 వాట్ల బల్బు వెలుగుతూనే ఉంటుంది, ముందు కూర్చున్నవారికి అది కనబడదు.

ప్రశ్న: నా పాత బండికి ఈ మధ్యే ఫ్రేముకు కొత్త పెయింటు వేయించాను. అప్పటి నుంచి బల్బులు మాడిపోతున్నాయి. బ్యాటరీలో నీళ్లు వేగంగా తగ్గుతున్నాయి, ఘాటు వాసన వస్తోంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ ఉత్తరంలోనే కారణం దాగి ఉండవచ్చు. చాలా పాత బండ్లలో రెగ్యులేటర్ తన లోహపు ఒంటి ద్వారానే ఫ్రేముకు ఎర్త్ అవుతుంది. పెయింటు పొర మధ్యలో అడ్డం వస్తే, అది అదనపు కరెంటును మళ్లించలేక వోల్టేజీ అదుపు తప్పుతుంది. రెగ్యులేటర్ విప్పి, బోల్టు కూర్చునే చోట ఫ్రేమును ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్ది, గట్టిగా బిగించి మళ్లీ కొలవండి. అప్పటికీ 15 వోల్టులు దాటుతుంటే రెగ్యులేటర్ మార్చండి, అంతవరకు బండి నడపకండి. ఆ వాసన వచ్చేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతూ ఉంటుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. యాసిడ్ చిందిన చోట వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి.

ప్రశ్న: తిరుమల నుంచి దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో దిగుతాను. బ్యాటరీకి నష్టమా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నష్టమే, కానీ బ్యాటరీ కంటే ముందు మీ ప్రాణం గురించి చెప్పాలి. దిగే దారి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, మలుపు వెంట మలుపు. అక్కడ ఇంజిన్ పట్టు లేకుండా బ్రేకుల మీదే దిగితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. దయచేసి ఈ అలవాటు ఈరోజే మానండి. ఇంజిన్ ఆగితే లైటు, బ్రేకు లైటు, హారన్ అన్నీ బ్యాటరీ మీదే పడతాయి. ఇంజిన్ నడుస్తూ ఉండగా రెండో, మూడో గేరులో దిగితే, యాక్సిలరేటర్ మూసి ఉన్నా చక్రమే ఇంజిన్‌ను తిప్పుతుంది, ఇంజిన్‌తో పాటు కాయిల్‌లో కరెంటు పుట్టించే మాగ్నెట్ తిరుగుతుంది, కొండ దిగినంతసేపూ బ్యాటరీ ఛార్జి అవుతూనే ఉంటుంది.