అరిగిపోవడం మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో పీజీ చేస్తోంది. ప్రాజెక్టుకు ‘కార్బన్ నానోట్యూబ్‌లు కలిపిన సెరామిక్స్‌లో ఘర్షణ, అరుగుదల’ అనే అంశం తీసుకుంది. ఇంత చిన్న విషయం పట్టుకుంటే ఉద్యోగం ఎవరిస్తారని మాకు టెన్షన్‌గా ఉంది. టాపిక్ మార్చుకోమని చెప్పాలా? – ఒక తండ్రి

జవాబు: మార్చుకోమనకండి. అలాగని ఆ పేరుతో ఉద్యోగాలు వెతకనూ వద్దు. ‘నానోట్యూబ్ సెరామిక్ ఇంజినీర్ కావలెను’ అనే ప్రకటన నేనైతే ఇంతవరకు చూడలేదు. ఆ పని చేస్తూ మీ అమ్మాయి ఏం నేర్చుకుందో చూసే ఉద్యోగమిస్తారు. అదేమిటో మీకు తెలియాలంటే, ఆ అంశంలో ఏముందో ముందు కొంచెం చెప్పాలి.

సెరామిక్ అనగానే కప్పులు, టైల్స్ గుర్తొస్తాయి. ఇక్కడ సంగతి అల్యూమినా, జిర్కోనియా, సిలికాన్ నైట్రైడ్ లాంటి వాటిది. ఇవి ఉక్కు కంటే గట్టివి, తుప్పు పట్టవు, వేడికి మెత్తబడవు. సిలికాన్ నైట్రైడ్ బంతి అదే సైజు ఉక్కు బంతిలో సగం బరువు కూడా ఉండదు, అందుకే అతివేగంగా తిరిగే బేరింగుల్లో వాడతారు. కృత్రిమ తుంటి కీళ్లలో అల్యూమినా 1970ల నుంచే ఉంది. వీటన్నిటికీ ఉన్న జబ్బు ఒకటే, పెళుసుదనం. రాపిడికి సన్నని పగుళ్లు పుట్టి, రేణువులకు రేణువులే ఊడొస్తాయి. ఊడిన రేణువు రెండు ఉపరితలాల మధ్య ఇరుక్కుని ఇసుకలా గీరుతుంది. అక్కడి నుంచి అరుగుదల ఒక్కసారిగా ఎక్కువవుతుంది.

దీనికి మందుగా నానోట్యూబ్‌లను చూశారు. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా పత్రంతో అందరి దృష్టీ వీటి మీద పడింది. వెంట్రుక మందంలో వేల వంతు ఉండే ఈ గొట్టాలు రేణువుల మధ్య దారాల్లా ఉండి పగులును పట్టి ఆపుతాయని ఒక ఆశ. రాపిడిలో బయటపడ్డ కార్బన్ పల్చటి పొరగా పరుచుకుని కందెనలా పనిచేస్తుందని ఇంకో ఆశ.

మొదటి ఆశ కథ మీ అమ్మాయి తప్పకుండా చదవాలి. అల్యూమినాలో ఒంటిపొర నానోట్యూబ్‌లు కలిపితే పగులును తట్టుకునే శక్తి దాదాపు మూడు రెట్లయిందని 2003లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో వచ్చింది. వజ్రపు మొనతో నొక్కి, పుట్టిన పగుళ్ల పొడవును బట్టి కట్టిన లెక్క అది. మరుసటి ఏడాది అదే పత్రికలో మరో బృందం, ఆ కొలత ఈ పదార్థానికి నప్పదని, గాటు పెట్టిన కడ్డీని వంచి విరిచి చూస్తే చెప్పుకోదగ్గ పెరుగుదలే లేదని చూపించింది. పదార్థం అదే, కొలిచే తీరు మారేసరికి ఫలితం తారుమారైంది. ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదివిన విద్యార్థిని ఇంటర్వ్యూలో తేలిగ్గా గుర్తుపట్టొచ్చు.

రెండో ఆశలో ఇంకో మెలిక ఉంది. నున్నగా జారేది తక్కువ అరుగుతుందనుకుంటాం కదా, అది ఎప్పుడూ నిజం కాదు. నానోట్యూబ్‌లు పెంచేకొద్దీ ఘర్షణ తగ్గుతూ పోవచ్చు. అరుగుదల మాత్రం ఒక మోతాదు దాకా తగ్గి, ఆపై పెరగడం మొదలవుతుంది. ఎందుకంటే ఈ గొట్టాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండలు కడతాయి. ఉండ ఉన్నచోట సెరామిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కోవు, అక్కడ రంధ్రం ఉన్నట్టే లెక్క. కాబట్టి ఈ ప్రాజెక్టులో అసలు కష్టం రుద్దడంలో కాదు, సమంగా కలపడంలో ఉంటుంది. చాలామంది దీనికి సమయం కేటాయించక చివర్లో ఇబ్బంది పడతారు.

ఇక ఉద్యోగం సంగతి. పొడులు కలిపి సింటరింగ్ (కరిగించకుండా వేడితో గట్టిగా అతుక్కునేలా కాల్చడం) చేయడం, ట్రైబోమీటర్ మీద బంతిని బిళ్లపై రుద్ది ఘర్షణ కొలవడం, అరిగిన గాడిని మైక్రోస్కోపు కింద చూసి ఎందుకలా అరిగిందో చెప్పడం, ఇవి వస్తే బేరింగులు, పంపు సీల్స్, కటింగ్ టూల్స్, బ్రేకులు, కృత్రిమ కీళ్లు, పూతలు, కందెనలు తయారుచేసేవాళ్లకు ఆమె పనికొస్తుంది. అరగడానికి ఒక శాస్త్రమా అని మొదట్లో నేనూ నవ్వుకున్నాను. కానీ దీనికి ట్రైబాలజీ అనే పేరును స్థిరపరిచిన 1966 నాటి బ్రిటన్ ఇంజినీర్ పీటర్ జోస్ట్ నివేదిక, ఈ జ్ఞానాన్ని సరిగ్గా వాడితే బ్రిటన్‌కు ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని లెక్కగట్టింది.

గైడ్‌ను కొన్ని విషయాలు ఇప్పుడే అడగమనండి. ఫర్నేస్ ఎలాంటిది? గాలి తగిలితే నానోట్యూబ్‌లు 500–600 డిగ్రీల దగ్గరే కాలిపోతాయి, అల్యూమినాను మామూలుగా కాల్చడానికి 1500 డిగ్రీల పైన కావాలి. వాక్యూమ్ లేదా ఆర్గాన్ ఉండాలి, కరెంటుతో వేడెక్కిస్తూ, నొక్కుతూ నిమిషాల్లో పని ముగించే స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ దొరికితే మరీ మంచిది. కాల్చాక గొట్టాలు బతికి ఉన్నాయో లేదో లేజర్ కాంతితో చేసే రామన్ పరీక్షతో చూసే వీలుందా? ట్రైబోమీటర్ అక్కడే ఉందా, బయట వరుసలో నిలబడాలా? సెరామిక్స్ ఘర్షణ గాలిలోని తేమను బట్టి మారుతుంది, ప్రతి పరీక్షకూ ఆ అంకె రాసుకోవాలి. మామూలు గాలి ఫర్నేస్ ఒక్కటే ఉందంటే మాత్రం నా సలహా మారుతుంది: నానోట్యూబ్‌లు వదిలేసి, సెరామిక్స్ అరుగుదలనే ఉంచుకోమనండి.

తండ్రిగా మీరు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ పొడి పీల్చకూడదు. ఒక రకం బహుళపొర నానోట్యూబ్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చారు, అది 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేసిన వర్గీకరణ. పొడిని మూసి ఉండే గ్లవ్‌బాక్సులోనో, గాలిని లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనో తూచాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి. ల్యాబులో ఆ ఏర్పాటు లేకపోతే మొహమాటపడకుండా అడగమనండి.

రెజ్యూమెలో టాపిక్ పేరును పెద్దక్షరాల్లో పెట్టొద్దని చెప్పండి. ఎన్ని నమూనాలు చేసింది, ఏ బరువు, ఏ వేగం మీద పరీక్షించింది, అరుగుదల ఎంత మారింది, కారణం ఎలా తేల్చింది, ఈ నాలుగు ముక్కలు చాలు. పీహెచ్‌డీ సంగతి ఇప్పుడే తేల్చనక్కర్లేదు. ఓ పది నమూనాలు రుద్ది చూశాక, అనుకున్నట్టు రాని పదకొండోదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాలని ఆమెకు అనిపిస్తోందేమో, అప్పుడు అడగండి.