ఫిగర్ పోటీకి వెళ్దామనుకుంటున్న అక్క కూతురికి

బరంపురం

తల్లీ,

నీ మెసేజ్ చూశాను. ఫిగర్ పోటీకి, అదే ఆడవాళ్ల బాడీబిల్డింగ్‌లో ఒక విభాగానికి, పేరిద్దామనుకుంటున్నానని, మూడు నెలల్లో తయారైపోవచ్చా అని అడిగావు. ఫోన్లో చెబితే మీ అమ్మ మధ్యలో లాక్కుని ఇంకో కథ మొదలెడుతుంది. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

మూడు నెలలు చాలవు. ఒంట్లో కొవ్వు పద్ధతిగా కరగాలంటేనే నాలుగైదు నెలలు కావాలి. అది కరిగాక చూపించడానికి కింద కండ ఉండాలి కదా. కబడ్డీ ఆడిన పిల్లవి, తొడలూ పిక్కలూ గట్టివే. భుజాలు, వీపు ఇంకా కట్టుకోవాలి. కాబట్టి ఈ ఏడాది పోటీ మాట మర్చిపోయి కడుపునిండా తింటూ బరువులెత్తు. వచ్చే ఏడాది చూద్దాం. ఇప్పుడే స్టేజీ ఎక్కితే సన్నగా కనిపిస్తావు, అంతే. సన్నదనానికి అక్కడ మార్కులు లేవు.

ముందు ఏ విభాగమో తేల్చుకో. బికినీలో కండ తక్కువైనా నడుస్తుంది. ఫిగర్‌లో వెడల్పు భుజాలు, సన్న నడుము, పైనుంచి కిందకి ఒక తీరు ఉండాలి. హైహీల్స్ వేసుకుని ముందు, పక్క, వెనక, మళ్లీ పక్క, ఇలా నాలుగు వైపులా తిరిగి నిలబడటమే అక్కడి పని. ఫిజిక్ అంటే ఇంకో మెట్టు పైన: వట్టి కాళ్లతో నిలబడి కండలు బిగించి పోజులివ్వాలి, పాటకి సొంత రొటీన్ కూడా చెయ్యాలి. చేతులు పిడికిలి బిగించకుండా తెరిచి ఉంచుతారు. ఇవేవీ పాతకాలం నుంచి ఉన్నవి కావు. ఒలింపియా అనే పెద్ద బాడీబిల్డింగ్ పోటీలో ఫిగర్ 2003లో వచ్చింది, ఉమెన్స్ ఫిజిక్ 2013లో వచ్చింది. పేర్లు కూడా సంస్థని బట్టి మారిపోతాయి. అంతర్జాతీయ బాడీబిల్డింగ్ సంస్థ ఐఎఫ్‌బీబీ వాళ్లు ఫిగర్‌ని బాడీ ఫిట్‌నెస్ అంటారు. మన ఇండియన్ బాడీ బిల్డర్స్ ఫెడరేషన్ పోటీల్లో మోడల్ ఫిజిక్, అథ్లెటిక్ ఫిజిక్ అని వినిపిస్తాయి. అందుకని పేరు చూసి ఫారం నింపెయ్యకు. ఆ పోటీ రూల్ బుక్ తెప్పించుకుని హీల్స్ ఎంత ఎత్తుండాలో, బట్టలు ఎలా ఉండాలో, ఎత్తుని బట్టి విడగొడతారో లేదో చదువు. నీ ఒంటి తీరుకి ఫిగరే సరిపోతుందని నా లెక్క.

మన సరిహద్దు ఊళ్ల వాళ్లకి ఇంకో తిప్పలుంది. నువ్వుండేది పర్లాకిమిడిలో, జిమ్‌కి వెళ్లేది పాతపట్నంలో, చదివింది శ్రీకాకుళంలో. ఒడిశా తరఫున దిగుతావా, ఆంధ్రా తరఫునా అని రేపు ఎవరో ఒకరు అడుగుతారు. నీ ఆధార్ ఎక్కడిదో, ఆ రాష్ట్ర సంఘం ఏ కాగితాలు కావాలంటుందో ఇప్పుడే కనుక్కో. సరిగ్గా బరువు చూసే రోజున ఈ గొడవ తెమలదు.

వ్యాయామం గురించి పెద్దగా చెప్పను, మీ జిమ్ అబ్బాయికి బాగానే తెలుసు. వారంలో భుజాలకీ వీపుకీ రెండేసి సార్లు పని పడేలా చూసుకో. పక్కకి ఎత్తే లాటరల్ రైజ్‌లు, లాట్ పుల్‌డౌన్‌లు, రోయింగ్ మానకు. కాళ్లకి స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ చాలు. ఎత్తిన బరువు నోట్‌బుక్‌లో రాసుకో. నెల తిరిగేసరికి ఆ అంకె ఏదో ఒక చోట కదలాలి. డైటింగ్ మొదలయ్యాక తేలిక బరువులకి మారిపోవద్దు. కండని నిలబెట్టేది ఆ బరువే.

ఇక తిండి. మీ ఇంట్లో పొద్దున్నే చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం అని తెలుసు. నేను అన్నం మానమనను. అన్నం మానేసి ఓట్స్ కొనుక్కునే పిల్లల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. కొలిచి తింటే మన అన్నం ఏ తప్పూ చెయ్యలేదు. లోటల్లా ప్రోటీన్‌లోనే. నీకు 55 కిలోలుంటే, కిలోకి రెండు గ్రాముల చొప్పున రోజుకి 110 గ్రాములు కావాలి. విని భయపడకు. నాలుగు గుడ్లలో 25 గ్రాములు వస్తాయి. పచ్చిగా తూచిన 150 గ్రాముల స్కిన్‌లెస్ చికెన్‌లో 33. ఎండు మీల్‌మేకర్ 50 గ్రాముల్లో 26. పిడికెడు కందిపప్పులో 10, పెద్ద కప్పు పెరుగులో 7. మిగతాది అన్నం, వేరుశనగలు తెచ్చిపెడతాయి. చికెన్ లేని రోజు చేపలు, ఉలవలు, ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద) చూసుకో. పప్పూ కూరగాయలూ కలిపి వండే దాల్మా మంచి వంట, నూనె మీద ఓ కన్నేసి ఉంచు. వే పౌడర్ (పాల ప్రోటీన్ పొడి) కొనగలిగితే కొను, లేకపోతే దిగులుపడకు. కండకి బలమిచ్చే క్రియాటిన్ పొడి మాత్రం రోజుకి 3 నుంచి 5 గ్రాములు వేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, దాని మీద పరిశోధన ఎక్కువ.

తగ్గించే నెలల్లో వారానికి పావు కిలో నుంచి అరకిలో దాకా తగ్గితే చాలు. అంతకంటే వేగంగా జారుతుంటే కండ కూడా పోతోందని అనుమానించాలి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక బరువు చూసుకుని వారం సగటు లెక్క కట్టు. ఒక్కరోజు అంకె చూసి ఏడవకు. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి అది ఎలాగూ పెరుగుతుంది.

నెలసరి మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఆడపిల్లలకి కోచ్‌లు చెప్పనిది ఇదే. తిండి మరీ తగ్గి, కసరత్తు పెరిగితే ఒంటికి మిగిలే శక్తి చాలదు. అప్పుడు ఒళ్లు ముందుగా ఆపేది నెలసరినే. ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముకలు పల్చబడతాయి, ఊరికే ఎముక బీటలు వారుతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ఆర్‌ఈడీ-ఎస్ (ఆటల్లో ఒంటికి శక్తి చాలకపోవడం) అని పేరు పెట్టి మరీ హెచ్చరించింది. కొందరు కోచ్‌లు "పీరియడ్స్ ఆగాయంటే లీన్ అయ్యావన్నమాట" అని మెచ్చుకుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. రజో పండక్కి భూదేవి నెలసరి అని మూడు రోజులు నాగలి కూడా కదపని నేల మనది. అక్కడుండి, మన ఒంట్లో అది ఆగిపోతే శభాష్ అనుకుంటామా? రెండు నెలలు వరసగా రాకపోతే డైట్ ఆపి లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. పోటీ మళ్లీ వస్తుంది.

మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు చేయించు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. నీకు లేదని ఊహించుకోకు. ఇంకొకటి, సికిల్ సెల్ పరీక్ష. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు అది. మన దక్షిణ ఒడిశాలో, ముఖ్యంగా రాయగడ, కోరాపుట్ వైపు ఇది చాలా కుటుంబాల్లో ఉంది. జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే మోసేవాళ్లకి మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. అలాంటివాళ్లు నీళ్లు తాగకుండా, ఎండలో ఒళ్లు హూనం చేసుకుంటే కుప్పకూలే ప్రమాదం ఉంది. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్షలు అందులో భాగమే. ప్రభుత్వాసుపత్రిలో అడుగు. మీ నాన్నమ్మ వాళ్ల వైపు ఎవరికైనా ఉందేమో కూడా కనుక్కో.

మాత్రల సంగతి. జిమ్‌లో ఎవరో "అక్కా, ఫ్యాట్ కట్టర్" అని చిన్న డబ్బా చేతిలో పెడతారు. అందులో క్లెన్‌బ్యుటరాల్ అనే మందు ఉంటే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. స్టెరాయిడ్‌లైతే ఆడపిల్లకి గొంతు మగగొంతులా మారుతుంది, గడ్డం దగ్గర వెంట్రుకలొస్తాయి. మందు ఆపినా ఆ గొంతు వెనక్కి రాదు. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ల పరీక్షలో దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం, "నాకు తెలియకుండా ఇచ్చారు" అంటే వినరు. దగ్గుకో జలుబుకో వేసుకునే మాత్ర అయినా సరే, నాడా 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో చూసి వేసుకో.

ఇప్పుడు ఆఖరి వారం. పిల్లలు పాడైపోయేది ఇక్కడే. నాలుగు నెలలు బుద్ధిగా చేసినవాళ్లు కూడా చివరి అయిదు రోజుల్లో ఉప్పు బంద్, నీళ్లు బంద్ అంటారు. ఒంట్లోని నీరు పోతే చర్మం పల్చబడి కండ తేలుతుందని ఆశ. కండలో ముప్పాతిక వంతు నీరే తల్లీ. నీళ్లు ఆపితే చర్మం కింది నీరొక్కటే పోదు, కండలోదీ పోతుంది. నిండుగా ఉన్న భుజం చప్పగా చదునైపోతుంది. పోటీ ముందు అన్నం పెంచి కార్బ్ లోడింగ్ చేస్తారు చూడు, ఆ అన్నం కండలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, అది ఒక గ్రాము చేరాలంటే దాంతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు కావాలి. నీళ్లు ఆపేసి అన్నం పెడితే ఆ అన్నం వృథా. ఇక నీరు కోసే మాత్రలు వేసుకుంటే పొటాషియం తారుమారై గుండె లయ తప్పుతుంది. 1992లో మహమ్మద్ బెనజిజా అనే పెద్ద బాడీబిల్డర్ నెదర్లాండ్స్‌లో పోటీ ముగిసిన కాసేపటికే అలా పోయాడు. ఆ మందులు డోపింగ్ జాబితాలో కూడా ఉన్నాయి. మన దగ్గర మే నెలలో ఏసీ లేని కళ్యాణ మండపంలో పోటీ పెడితే, నీళ్లు మానేసిన పిల్లలు స్టేజీ వెనక పిక్కలు పట్టేసి కూర్చోవడం నేను చూశాను. లోపలికి వెళ్లాల్సినప్పుడు లేవలేరు.

నువ్వు చెయ్యాల్సిందల్లా, ఆఖరి వారం కొత్తది ఏదీ చెయ్యకపోవడం. రోజూ తాగే నీళ్లే తాగు, రోజూ వేసే ఉప్పే వెయ్యి. ముందు రెండు రోజులు అన్నం కాస్త పెంచు, పీచు తగ్గించు, కడుపు ఉబ్బరంగా ఉండదు. పెంచిన అన్నం నీ ఒంటి మీద ఎలా పనిచేస్తుందో నెల ముందే ఒకసారి చేసి ఫొటో తీసుకుని చూడు.

పోజింగ్‌ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. స్టేజీ మీద నిన్ను చూసేది కొన్ని నిమిషాలే, ఆ నిమిషాల్లో జడ్జీలకి కనిపించేది నీ నిలబడే తీరే. హీల్స్ ఇప్పుడే తెప్పించుకో. ఇంట్లో గచ్చు మీద రోజూ ఇరవై నిమిషాలు నాలుగు వైపులా తిరిగి నిలబడు. వీపు విప్పి, నడుము బిగించి, మొహం మీద నవ్వు చెదరకుండా ఉండటం కసరత్తు కంటే కష్టం. మొదట్లో కాళ్లు వణుకుతాయి, వణకనీ. మొదటి నెల అద్దం ముందు, తర్వాత అద్దం లేకుండా చేసి ఫోన్లో వీడియో తీసుకో. స్టేజీ మీద అద్దం ఉండదు మరి.

స్టేజీ లైట్లలో కండ తేలేలా ఒంటికి పూసే ట్యాన్ రంగు ముందు రోజు సాయంత్రం నుంచి పూతలు పూతలుగా వేస్తారు. వ్యాక్సింగ్ రెండు రోజుల ముందే అయిపోవాలి. రంగు వేశాక సెంటు, క్రీము, డియోడరెంట్ ముట్టుకోకు, ఆకుపచ్చగా మారి మరకలు పడతాయి. మన ఉక్కపోతకి చెమట పట్టి చారలు దిగుతుంది, ఫ్యాన్ కింద వదులైన నల్ల నైటీలో కూర్చో. లాడ్జి దుప్పట్లు పాడైతే డబ్బు వసూలు చేస్తారు, ఒక పాత దుప్పటి వెంట తీసుకెళ్లు.

ఇక మీ అమ్మ. ఆ టూపీస్ ఫొటో ఎవరో ఫేస్‌బుక్‌లో పెడితే చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకు. ఫారం నింపే ముందే పోటీ వీడియో పక్కన కూర్చోబెట్టి చూపించు. మన బరంపురంలో బరువులెత్తడం కొత్తా? 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చిన కాతులు రవికుమార్ ఈ ఊరివాడే కదా, అప్పుడు మీ అమ్మ కూడా టీవీ ముందు చప్పట్లు కొట్టింది. పెళ్లి ఏమవుతుందని అంటుంది. హైదరాబాద్‌లో కిరణ్ డెంబ్లా పెళ్లయ్యి ఇద్దరు పిల్లలు పుట్టాక బరువులు పట్టుకుంది, 2013లో బుడాపెస్ట్‌లో ప్రపంచ పోటీల దాకా వెళ్లింది. ఆవిడ గురించి చెప్పు. అయినా ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, మా అక్కతో నేను మాట్లాడుకుంటాను. మీ నాన్నగారితో మాత్రం నువ్వే చెప్పాలి, బావగారికి నేను చెబితే ఇంకా బిగుసుకుంటారు.

పోటీ అయ్యాక వచ్చే నెల గురించి ఎవరూ ఆలోచించరు. నెలల తరబడి ఆపుకున్న ఆకలి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఆ రాత్రి ఛెనాపోడ (ఛెనాతో కాల్చి చేసే మిఠాయి) తిను, కడుపారా తిను, ఎవరూ వద్దనరు. మర్నాటి నుంచి మళ్లీ టైముకి భోజనం, రోజు రోజుకీ కొంచెం పెంచుకుంటూ వెళ్లాలి. కాళ్లు వాచొచ్చు, వారంలో రెండు మూడు కిలోలు పెరగొచ్చు, అందులో ఎక్కువ నీరే. స్టేజీ మీది ఒళ్లు ఒక్కరోజు కోసం చేసిన ఒళ్లు. దాన్నే పట్టుకుని వేలాడితే నెలసరి రాదు, నిద్ర రాదు, మనసూ బాగుండదు. ఆ అద్దం తగాదా వస్తే దాచుకోకుండా నాతో చెప్పు.

ప్రస్తుతానికి ఈ నెలలో రక్తపరీక్షలు చేయించి రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టు. సికిల్ సెల్‌ది మర్చిపోకు. ముందు, పక్క, వెనక నిలబడి తీసిన ఫొటోలు కూడా పంపు. వచ్చే ఆదివారం బరంపురం వస్తే నా పాత హీల్స్ ఇస్తాను, పోజులకి అవి సరిపోతాయి. పాదం కొలత రాసి పంపు.

నీ పిన్ని